మొదటి ఏడాది హాస్టల్ ఇస్తారా?

రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి ఆఫీసు వైపు నడిచే దారిలో, రేకుల కంచె వెనక మళ్ళీ ఏదో టవర్‌కు పునాది తవ్వుతున్నారు. డ్రిల్లింగ్ మిషన్ రాతిలోకి దిగేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్ళు పోస్తారు. ఆ తడిసిన రాతిపొడికి ఒక వాసన ఉంటుంది. తొలకరి మట్టివాసన కాదు, అంతకంటే చల్లగా, కొంచెం ఇనుములా ఉంటుంది. మెడలో ఐడీ కార్డులు ఊగుతుండగా ముక్కులు మూసుకుని గబగబా దాటిపోయే జనం మధ్య, నేనొక్కదాన్నే ఆగి గుండెల నిండా పీల్చుకుంటాను. చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ. ఆ వాసన తగిలితే చాలు, నాకు పద్మజ మేడం గుర్తుకొస్తారు.

మా నాన్న మల్లేశం పాలమూరు వైపు నుంచి బతకడానికి వచ్చి నానక్‌రామ్‌గూడలో సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. పాత ఊళ్ళో, చుట్టూ టవర్లు లేచిన సందులో, మాకొక కిరాయి గది ఉండేది. నేను ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో, నాన్న కాపలా కాసే సైటుకు మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళేదాన్ని. అక్కడే ఆవిడను మొదటిసారి చూశాను. మేడంది అనంతపురం. పునాది వేసే ముందు కింద రాయి గట్టిదో బోలుదో చూసి చెప్పే భూగర్భ శాస్త్రవేత్త. లోతైన గోతిలో, నెత్తిన హెల్మెట్‌తో, చిన్న సుత్తి పట్టుకుని రాతిని తట్టడం, చెవి ఒగ్గి వినడం, మళ్ళీ తట్టడం. పైన ఇంజనీర్లు గడియారాలు చూసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ తల పైకెత్తి, "ఈ మూల రాయి పలకలేదప్పా. ఇంకా తవ్వల్ల" అన్నారు. అంతే, కాంక్రీటు బండ్లు వెనక్కి తిరిగాయి. ఒక ఆడమనిషి ఒక్క మాటతో అంత పని ఆపడం నేనెన్నడూ చూడలేదు. నాన్నకు అన్నం ఇవ్వడం కూడా మరిచి నోరు తెరుచుకుని చూశాను.

ఆవిడ నన్ను గమనించారు. "ఏం పాపా, దిగుతావా?" అని పిలిచి, నా నెత్తిన ఇంకో హెల్మెట్ పెట్టి, నా అరచేతిని తీసి ఆ రాతి మీద ఉంచారు. బయట నిప్పులు చెరుగుతుంటే అది చల్లగా ఉంది. "దీని వయసు రెండు వందల కోట్ల ఏళ్ళ పైమాటే. మీ నాయన కాపలా కాసేది దీనికే" అన్నారు నవ్వుతూ. రోజూ లారీల్లో తరలిపోయే ఆ బండలను చెత్త అనుకుంటూ పెరిగినదాన్ని. ఆ సాయంత్రమే నాన్నతో చెప్పాను, నేను చదివితే ఈ చదువే చదువుతానని.

నాన్న గట్టిగా నవ్వాడు. మా సందులో చదువంటే ఇంజనీరింగే, ఇంజనీరింగ్ అంటే కంప్యూటరే. ఎదురుగా టవర్లు పెట్టుకుని ఇంకో చదువు మాట ఎత్తితే మతి చెడిందనుకుంటారు. పైగా అప్పటికే ఒక ప్రైవేటు కాలేజీ మనిషి వచ్చి సీటు ఖాయం చేస్తానని, ఒరిజినల్ సర్టిఫికెట్లు సోమవారానికల్లా ఇవ్వాలని చెప్పి పోయాడు. ఒకసారి అవి కాలేజీ బీరువాలోకి చేరితే వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో ఆ దారిన పోయినవాళ్ళకు తెలుసు. మాకు తెలియదు. మర్నాడు మేడం సైటుకు రాగానే నేనే ఈ సంగతి ఊదేశాను. ఆవిడ నేరుగా గేటు దగ్గరికి నడిచారు.

"మల్లేశన్నా, వేరే రాష్ట్రాల్లో సెంట్రల్ యూనివర్సిటీలు ఉండాయి. ఈ పాపకి సరిగ్గా సరిపోతాయి. పరీక్ష ఈడ హైదరాబాదులోనే రాయొచ్చు."

నాన్న లేచి నిలబడ్డాడు. "గాడ మనం నాన్‌లోకల్ గద మేడం. నాన్‌లోకల్ అంటే డబల్ పైసలు గుంజుతరు. ఈడైతే సర్కారు ఫీజు కడ్తది, కాలేజీ బస్సు మా సందు దాంక వస్తది."

మేడం ఫక్కున నవ్వారు. ఎగతాళిగా కాదు, తెలిసిన రాయిని చూసినట్టు. కౌన్సెలింగ్ అనగానే లోకలా, నాన్‌లోకలా అని అడిగి అడిగి మనవాళ్ళ బుర్రల్లో ఆ మాట మేకులా దిగింది. సరిహద్దు దాటితే ప్రతిచోటా మనం పరాయివాళ్ళమే, పరాయివాళ్ళకు ప్రతిచోటా ధర ఎక్కువే అని లెక్క. "సెంట్రల్ అంటే అందరిదీ అన్నా. ఆ ఊరి పిల్లకెంతో మన పిల్లకీ అంతే. నువ్వు ఈ కాలేజీ బస్సుకు కట్టే దుడ్డుతో అక్కడ ఏడాది ఫీజు అయిపోతాది" అన్నారు. నాన్న నమ్మలేదు. కానీ ఆ సోమవారం సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వలేదు. ఏదో సాకు చెప్పి గడువు అడిగాడు.

పరీక్ష రాశాను, మంచి మార్కులు వచ్చాయి. అందరికీ పేరు తెలిసిన ఒక పెద్ద నగరంలోని యూనివర్సిటీ మీద మనసు పడ్డాను. మేడం ఎవరెవరినో అడిగి, అక్కడ చదువుతున్న ఒక అమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ నా చేతిలో పెట్టారు. నేను ఫీజు ఎంతని అడగబోతుంటే వారించారు. "ఫీజు వాళ్ళే చెప్తారు. మొదటి ఏడాది పిల్లలకి హాస్టల్ ఇస్తారా? అది అడుగు. అక్కడ కూడు తినేవాళ్ళని అడగల్ల, ఆఫీసోళ్ళని కాదు." నా హైదరాబాదీ హిందీకి ఆ అమ్మాయి కాసేపు నవ్వి, మొదటి ఏడాది హాస్టల్ దొరకదని, బయట గది తీసుకోవాలని చెప్పింది. అక్కడి కిరాయి వింటే ఐటీవాళ్ళుండే కొండాపూరే నయమనిపించింది. మొహం వేలాడేసుకున్నాను. మేడం మాత్రం హుషారుగా ఇంకో యూనివర్సిటీలో చదివే పిల్ల నంబరు కలిపారు. అది చిన్న ఊరు, చుట్టూ కొండలు. హాస్టల్ మొదటి రోజునుంచే ఇస్తారట. ఆదాయం తక్కువున్నవాళ్ళకు మెస్ ఖర్చులో సాయం చేస్తారట. ఇంటికొచ్చే రైలు టికెట్టులో విద్యార్థులకు రాయితీ కూడా ఉంటుందట.

"ఆ ఊరి పేరు ఎన్నడన్న విన్నమా మేడం?" అన్నాడు నాన్న.

"అదే దాని మంచితనం అన్నా. పేరు లేని ఊర్లో కిరాయి పెరగదు" అన్నారావిడ. "నా మాట నమ్మొద్దు. పాపను తీసుకొని పోయి చూడు. సర్టిఫికెట్లు నీ సంచిలోనే పెట్టుకో. నచ్చకపోతే ఆ సంచితోనే తిరిగి వచ్చేయ్" అన్నారు.

ఇక్కడి సీటు పోతుందని తెలిసీ నాన్న రైలెక్కాడు. దారి పొడవునా ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. నా బతుకంతా ఆ సంచిలో ఉన్నట్టు నేను దాని వంకే చూస్తూ కూర్చున్నాను. యూనివర్సిటీ చేరాక ఆయన క్లాసులు చూడలేదు, హాస్టల్ గదులు చూడలేదు. గేటు దగ్గర ఆగి, అక్కడి గార్డుతో మనదైన హిందీలో మాట కలిపాడు. ఇద్దరూ ఒక బీడీ పంచుకున్నారు. చాలాసేపటికి వచ్చి, "మొగపోరగాళ్ళను ఆడపిల్లల హాస్టల్ దిక్కు మర్లనిస్తలేరంట. వార్డెనమ్మ మస్తు కడక్ అంట. గేటు మంచిగున్నది బిడ్డా" అని సంచి నా చేతికిచ్చాడు. నేను ఏడ్చేశాను. ఆ సందులో ఇంకెవరికీ దక్కని ఐదేళ్ళ చదువు నాకు అలా దక్కింది.

రెండో ఏడాది చలికాలంలో, అటువైపు ఏదో ఆనకట్ట పని మీద వచ్చి మేడం నన్ను చూడటానికి ఆగారు. మెస్‌కు తీసుకెళ్ళాను. పొడుగాటి బల్ల మీద, నలుమూలల నుంచీ వచ్చిన ఆడపిల్లల మధ్య కూర్చుని, రొట్టె, ఆలుగడ్డ కూర తిన్నారు. రెండోసారి పప్పు వేయించుకున్నారు. నేను ఉబ్బితబ్బిబ్బవుతూ, "మీరు చదివినప్పుడు కూడా మెస్ ఇలాగే ఉండేదా మేడం?" అని అడిగాను.

"నేను యాడ చదివితిని పాపా?" అన్నారావిడ. "నాకూ వచ్చిండె సీటు, ఇట్లాంటి దాంట్లోనే. బయట రాష్ట్రం, అంత దుడ్డు యాడిది అనె మా నాయన. నేనూ నిజమే అనుకుంటి. ఎవర్నీ అడగలేదు. మా పక్కూరి కాలేజీలోనే చదివితి. ఉద్యోగంలో చేరినాక తెలిసె, ఇంట్లో ఉండి చదివిన దానికన్నా ఇక్కడే తక్కువయ్యేదని."

హాస్టల్ సంగతి, మెస్ సంగతి, రైలు టికెట్టు సంగతి, అన్నీ ఆవిడ అనుభవించి తెలుసుకునే నాచేత అడిగించారనుకున్నానిన్నాళ్ళూ. తనకు మూసుకుపోయిన దారి గురించి తలుచుకుని కుమిలిపోయేవాళ్ళను చూశాను. ఆ దారిలో ఇంకొకరు నడుస్తుంటే కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళనూ చూశాను. తాను ఒక్క అడుగూ వేయని దారిని, గుంతలతో సహా కనుక్కుని, ఒక గార్డు కూతురిని చేయి పట్టి పంపిన మనిషి నా ఎదుట కూర్చుని పప్పు తింటున్నారు. అంత ఎత్తు మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తినడం అయ్యాక అమ్మాయిలంతా కంచాలు కడుక్కోవడానికి కుళాయిల దగ్గర వరస కట్టారు. ఆవిడ చేతిలోని కంచం నేను అందుకోబోయాను. ఇవ్వలేదు. "ఉండనీ పాపా. ఒక్కరోజన్నా నిలబడనీ" అని, ఆ పిల్లల వెనక వరసలో నిలబడ్డారు. తమ తరఫున అడిగేవాళ్ళు లేక, ఆవిడలా ఇంకా ఎవరెవరు ఏయే వరసల్లో నిలబడకుండా మిగిలిపోయారో అప్పటినుంచీ తలుచుకుంటూనే ఉన్నాను.