ముత్యాలప్ప వదిలేసిన పైకప్పు పని

గురుబరపల్లిలో ముత్యాలప్పను ముత్యాలప్పా అని పిలిస్తే పలికేవాడు కాదు. వినబడనట్టు తాపీ వంక చూస్తూ కూర్చునేవాడు. మేస్త్రీ అంటేనే తల ఎత్తేవాడు. ఆ మాట అతనికి ఊరికే రాలేదు లెండి. తాత, తండ్రి గొర్రెల వెంట తిరిగినవాళ్లు. డెబ్బైల్లో హోసూరు పక్కన ఫ్యాక్టరీలు లేస్తుంటే ఇతనూ కూలికి పోయి, మొదట ఇటుకలు మోసి, తర్వాత తాపీ పట్టి, జూజువాడి దాకా ఎన్నో కాంపౌండు గోడలు లేపాడు. ఊరికి తిరిగొచ్చేటప్పుడు భుజాన సంచి, సంచిలో గోడ నిలువు చూసే తూకుగుండు, మెడలో కొంచెం బిగువు తెచ్చుకున్నాడు. హైవే మీద హోటల్లో టీ తాగుతూ, "ఆ గోడ నాదేనప్పా, ఏనుగు గుద్దినా కదలదు" అని చెప్పేవాడు. ఆ గోడ ఎవరూ చూసింది లేదు, గుద్దడానికి ఏనుగూ రాలేదు. అయినా నమ్మేవాళ్లు.

ఎనభైల నడుమ సర్కారు వాళ్లు పొగలేని పొయ్యిలు తెచ్చారు. కృష్ణగిరి పంచాయతీ యూనియన్ ఆఫీసులో శ్రీనివాసప్ప అనే ఆఫీసరు ఆ పని చూసేవాడు. హోసూరు పక్కవాడే, మన తెలుగే మాట్లాడేవాడు. చేయి తిరిగిన మేస్త్రి కావాలని ముత్యాలప్పను పిలిపించి, కృష్ణగిరిలో శిక్షణకు పంపాడు. పోయాడే గానీ, ఎక్కడికి పోతున్నాడో ఊళ్లో చెప్పలేదు. డ్యాము మీద రిపేరు పని అని చెప్పాడు. అసలు సంగతి పెళ్లాం నంజమ్మకు ఒక్కదానికే తెలుసు.

దాపరికం ఎందుకంటే, ఆ పక్క ఇళ్లల్లో పొయ్యి ఆడవాళ్లది. పుట్టమన్ను తెచ్చేది, రాగుల పొట్టు కలిపి తొక్కేది, పొయ్యి దిద్ది ఎర్రమన్ను అలికి, పసుపు కుంకుమ పెట్టి పాలు పొంగించేది అన్నీ ఇల్లాలే. ఆ మట్టి ముట్టుకున్న మగవాడిని బతికినంత కాలం ఏడిపిస్తారు. ఇంటి మీదికి ఎక్కి గడ్డి కప్పేది మాత్రం మగవాళ్లే. ఆడది ఇంటి పైకి ఎక్కితే ఊరు ఊరంతా ముక్కు మీద వేలు వేసుకుంటుంది. కింద పని వాళ్లది, పై పని వీళ్లది. ఈ కొత్త పొయ్యి ఆ రెంటినీ కలిపి ఒక్క పని చేసింది. కింద పొయ్యి, దాని వెనకనుంచి గొట్టం, ఆ గొట్టం కప్పు చీల్చుకుని బయటికి పోవాలి. అప్పుడే ఇంట్లో పొగ ఉండదు, కట్టెలూ సగం మిగులుతాయి.

కృష్ణగిరిలో ముత్యాలప్ప రెండూ నేర్చుకున్నాడు. గడ్డి ఇంటికి గొట్టం తీయాలంటే చుట్టూ జానెడు మేర గడ్డి కోసేయాలి, ఆ సందులో రేకు పెట్టాలి, రేకు మీద బంకమట్టి మెత్తాలి. గొట్టం కప్పుకంటే బాగా ఎత్తు లేవాలి. లేకపోతే కాగిన గొట్టానికి ఎండు గడ్డి అంటుకుంటుంది. నేర్పినాయన దాన్ని మళ్లీ మళ్లీ చెప్పాడు. ముత్యాలప్ప చేతులు ఒక్కసారికే పట్టేశాయి.

శిక్షణ అయ్యాక శ్రీనివాసప్ప కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టిన ఆఫీసరు అంతకుముందు ఎవరూ లేరు.

"ఇల్లు కొత్తగా కట్టేది లేదు మేస్త్రీ. ఉన్న ఇంట్లోనే పొయ్యి మార్చాల, పొగ బయటికి పంపాల. పొయ్యిలైతే సర్కారు ఇస్తాది, వాటిని పెట్టే చేతులు యాడ తెచ్చేది? మీ పక్క ఊర్లకు ఎవుర్ని తయారు చేసేది, వాళ్లకు ఏమేం నేర్పించేది, నువ్వే చెప్పు. ఆ ఊర్లు నీకు తెలిసినట్ల నాకు తెలీదు."

ముత్యాలప్ప మనసు చకచకా లెక్క వేసింది. పైకప్పు పని కూడా నేర్పాలంటే మగవాళ్లను పిలవాలి. వాళ్లకు నేర్పేది ఎవరు? తనే. అంటే ఇంటింటికీ ఆడవాళ్ల వెనక గొట్టం భుజాన వేసుకుని తిరగాలి. హోటల్లో కూర్చున్నవాళ్లు చూస్తారు. జూజువాడి గోడలు కట్టినవాడు పొయ్యి మేస్త్రి అయిపోతాడు. ఆ పేరు తలుచుకుంటేనే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడోళ్లకు నేర్పించండి సార్, చాలు," అన్నాడు. "పొయ్యి వాళ్లదే కదా."

"మరి పైకప్పు?"

"దాంట్లో నేర్చుకునేది ఏముంది సార్? బొక్క పెట్టేదే కదా. ఏ ఇంటి మగోడు ఆ ఇంటికి పెట్టుకుంటాడు."

"గ్యారంటీగానా?"

"నేను లేనా సార్," అన్నాడు ముత్యాలప్ప.

ఆ మాటతో శ్రీనివాసప్ప శిక్షణలోనుంచి పైకప్పు పని తీసేశాడు. ఆడవాళ్లకు మాత్రం శిక్షణ పెట్టించాడు. ఊరి మనిషి చెప్పాక ఇంకెవర్ని అడుగుతాడు, పాపం?

గురుబరపల్లి నుంచి శిక్షణకు పోయింది నాగక్క. మొగుడు గొర్రెలు తోలుకుని నెలల తరబడి ఊరూరా తిరిగేవాడు, ఇల్లూ పొలమూ ఆమే చూసుకునేది. చిన్నప్పటి నుంచి పొయ్యి పొగలో ఒక కన్ను పాడైంది. అందుకే ఎవరూ బతిమాలక ముందే పేరు ఇచ్చింది. తిరిగొచ్చి మొదటి పొయ్యి వరదప్ప ఇంట్లో పెట్టింది. నున్నగా, సంగటి కుండ కదలకుండా కూర్చునేటట్టు చక్కగా దిద్దింది. వరదప్ప పెళ్లాం అంజనమ్మ దాని చుట్టూ ముగ్గు కూడా వేసుకుంది. ఇక మిగిలింది గొట్టం పైకి తీయడం.

నాగక్క నేరుగా హోటల్ దగ్గరికే వచ్చింది. ముత్యాలప్ప నలుగురి మధ్య టీ తాగుతున్నాడు. ఆడమనిషి హోటల్ ముందు వచ్చి నిలబడేసరికి నలుగురూ తిరిగి చూశారు.

"మేస్త్రన్నా, పైపు పైకి ఎట్ల తియ్యాలో ఆడ మాకు నేర్పించలేదు. గడ్డి కప్పు కదా, భయంగా ఉంది. నువ్వు ఒకతూరి వచ్చి చూపిస్తావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏం మేస్త్రీ, పొయ్యి కూడా వేస్తావా?" అన్నారు ఇంకెవరో. ముత్యాలప్పకు తల కొట్టేసినట్టయింది. జానెడు సందు, రేకు, బంకమట్టి అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. అక్కడే, కూర్చున్న చోటే, చెప్పినా సరిపోయేది. ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారేమో అని మింగేశాడు.

"బొక్క పెట్టేదానికి కూడా మేస్త్రి కావాలనా?" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేటట్టు. "వరదప్పకు చేతుల్లేవా? పొమ్మా, పో."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాగక్క కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

వరదప్ప గునపంతో కప్పులో బొక్క పొడిచి, గొట్టం దూర్చి, గాలి రాకుండా చుట్టూ గడ్డి బాగా కుక్కాడు. కుదురుగా వచ్చిందని మురిసిపోయాడు కూడా. కొన్నాళ్లు బాగానే నడిచింది. రాగులు తొక్కించే రోజు వచ్చింది. కళ్లంలో కూలీలందరికీ సంగటి కావాలి, కాబట్టి అంజనమ్మ పొద్దుటి నుంచి పొయ్యి నిండా కట్టెలు పెట్టింది. మధ్యాహ్నానికి కప్పు అంటుకుంది. కళ్లం నుంచి జనం పరిగెత్తుకొచ్చేలోపల కొనమీద గడ్డి భగభగ మండుతోంది. ప్రాణాలు పోలేదు, అంతవరకు నయం. విత్తనాల బుట్ట లాగబోయి అంజనమ్మ మోచేతి దాకా కాల్చుకుంది. ఇల్లు నాలుగు గోడలై మిగిలింది.

ముత్యాలప్ప కూడా కడవలతో నీళ్లు మోశాడు. మోస్తూ పైకి చూశాడు. మసిబారిన గొట్టం గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది, చుట్టూ రేకు లేదు, మట్టి లేదు.

ఊరు మాత్రం ఎవరిది తప్పో సాయంత్రానికే తేల్చేసింది. పొయ్యి పెట్టింది నాగక్క, కాబట్టి తగలబెట్టింది నాగక్క. ఎవరూ పంచాయితీ పెట్టలేదు, తిట్టలేదు. పిలవడం మానేశారంతే. పొయ్యి కావాలని చెప్పిన ఇళ్లన్నీ వద్దన్నాయి. పాలు పొంగించే చోటికి ఆమెను రానివ్వలేదు. అమ్మవారి పండగకు అందరూ కలిసి పొంగలి పెట్టే రోజు కూడా, నాగక్క చేయి నిప్పుకు మంచిది కాదని, కట్టెలు పేర్చే దగ్గరనుంచి లేపి పంపారు.

అది చూసి వచ్చిన నంజమ్మ మొగుడికి సంగటి ముద్ద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ పైపు సంగతి నువ్వు కృష్ణగిరిలో నేర్చుకొని రాలేదా?" అంది.

అతను ముద్ద తుంచుకుంటున్నాడు.

"ఆయమ్మ అడిగిందంట కదా, హోటల్ కాడ?"

ముద్ద సగంలోనే వదిలేసి, నీళ్లు తాగి లేచిపోయాడు. సిగ్గంటే ఇదివరకు అతనికి తెలిసింది వేరు. నలుగురు నవ్వుతారని మొహం ఎర్రబడడం, అంతే. ఇప్పటిది అట్లాంటిది కాదు. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ చూడడం లేదు, అయినా నాగక్క ఇంటి వైపు దారిలో పోవాలంటే ఒళ్లు చచ్చిపోతోంది. చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

వరదప్ప ఇంటికి కొత్త కప్పు వేసే రోజు ఊరంతా చేరింది. వాసాలు ఎత్తడానికి ముత్యాలప్పే మేస్త్రి. నాగక్క కూడా కూలికి వచ్చింది, నీళ్లు మోస్తోంది. ఆమె మోసిన కడవ ఒక్కటీ ఇంటి గడప దాటి లోపలికి పోకుండా అంజనమ్మ బయటే అందుకుంటోంది, కట్టు కట్టిన చేత్తోనే. అది చూశాక ముత్యాలప్ప ఇక ఉండబట్టలేకపోయాడు. గోడ మీదినుంచే అరిచినట్టు చెప్పాడు.

"అప్పా, అందరూ వినండి. ఈ ఇల్లు కాలింది నాగక్క వల్ల కాదు. పొయ్యిలో తప్పు లేదు. పైకప్పు పని నాకు తెలుసు, నేను నేర్చుకొని వచ్చినాను, చెప్పలేదు. ఆయమ్మ అడిగితే ఎగతాళి చేసి పంపినాను. తప్పు నాది."

నాగక్క కడవ చంకన పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె ఒక్కొక్కరి మొహం చూడడం పైనున్న ముత్యాలప్పకు కనిపించింది.

వరదప్ప కండ్లు తుడుచుకున్నాడు. "చూసినారా అప్పా, ఎంత పెద్ద మనసు! ఒక ఆడమనిషిని కాపాడేదానికి తప్పు తన నెత్తిన వేసుకుంటా ఉండాడు. మేస్త్రి అంటే ఇట్ల ఉండాల."

"నిజమప్పా," అన్నారందరూ. ముత్యాలప్ప గోడ దిగగానే ఒక పెద్దాయన తన తువ్వాలు తీసి, శాలువా కప్పినట్టు అతని భుజం మీద వేశాడు.

"లేదప్పా, నిజంగానే..." అన్నాడు ముత్యాలప్ప. అతనెంత కాదంటే వాళ్లకు అంత అవునయింది. కడవ దించిన చప్పుడు వినబడి చూస్తే, నాగక్క కూలి కూడా అడగకుండా వెళ్లిపోతోంది. ఆ తువ్వాలు అతని భుజం మీద నిప్పులా కాలింది.

మర్నాడే కృష్ణగిరికి పోయి శ్రీనివాసప్ప ముందు నిలబడ్డాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. తను చెప్పింది తప్పని, ఎందుకు చెప్పాడో కూడా దాచకుండా చెప్పాడు. ఆఫీసరు "నిన్ను నమ్మినాను మేస్త్రీ," అన్నాడు. కొట్టినా బాగుండేదనిపించింది ముత్యాలప్పకు.

అక్కడినుంచి శిక్షణ మారింది. ఒక ఆడమనిషిని, ఒక మగమనిషిని జతగా, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద నేర్పేవారు. పై పని రానిదే కింద పని చేతికి ఇచ్చేది లేదు. మగవాళ్లకు నేర్పింది ముత్యాలప్పే. గొట్టం భుజాన వేసుకుని హోటల్ ముందునుంచే పోయేవాడు. పొయ్యి మేస్త్రీ అని పిలిస్తే పలికేవాడు. కావేరిపట్టణం దాకా ఎన్ని కప్పులెక్కాడో, ఒక్క ఇల్లూ కాలలేదు. శిక్షణకు జనాన్ని పిలిచినప్పుడల్లా నాగక్కకు కూడా కబురు పంపాడు. ఆమె ఒక్కసారీ రాలేదు.

కొన్నేళ్లకు ఊళ్లో ప్రతి ఇంటి మీదా గొట్టం లేచింది, నాగక్క ఇంటి మీద తప్ప. ఆమె మూడు రాళ్ల మీదే వండుకునేది. వానాకాలం ఆ ఇంటి కప్పులోనుంచి పొగ ఊరుతూ కనిపించేది. రెండో కన్ను కూడా మసకబారిందని నంజమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక ముత్యాలప్ప ఇంక ఆగలేక, ఒక పొద్దున గొట్టం, రేకు, మట్టి తీసుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"నాగక్కా, నువ్వు పొయ్యి దిద్దు. పైకప్పు నేను చూసుకుంటాను."

ఆమె కండ్లు చికిలించి ఎవరా అని చూసి, గొంతు గుర్తుపట్టింది.

"ఆ పొద్దు నేనే నీ కాడికి వచ్చి అడిగినాను కదన్నా," అంది మెల్లగా. "నీకు మంచి పేరు వచ్చింది. నాకు వచ్చిన పేరు నాకే ఉంది. మా ఇంటి కప్పు జోలికి రావద్దు. పో అన్నా."

గొట్టం మళ్లీ భుజాన వేసుకుని హోటల్ ముందునుంచి వస్తుంటే వరదప్ప అడిగాడు. "పైపు వెనక్కి తెస్తా ఉండావేం మేస్త్రీ?"

"నాగక్క వద్దనింది."

"అంత గీర ఏంటికప్పా ఆయమ్మకు!" అన్నాడు వరదప్ప. "ఇల్లు కాల్చింది, అయినా నువ్వు వాకిటి దాకా పోతే, వద్దంటుందా? నువ్వు కాబట్టి పోయినావు."

బల్ల మీద కూర్చున్నవాళ్లంతా అవునన్నారు. ఎవరో అతనికి టీ చెప్పారు. ముత్యాలప్ప నోరు తెరిచి, వాళ్ల మొహాలు చూసి, మూసుకున్నాడు. టీ తాగకుండా గొట్టం మోసుకుని ఇంటికి నడిచాడు.