బిన్నా రా అనని చిన్నాయన

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు చెన్నై విమానాశ్రయంలో అందింది. ఆ సాయంత్రం నేను అక్కడ ఉండవలసినదాన్ని కాదు. బెంగుళూరులో విమానం దించి, హోసూరులో ఆయన మంచం పక్కన ఉండాలి. ఎందుకు లేనో ఆయనకైతే ఒక్క ముక్కలో అర్థమయ్యేది. మీకు కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఆయన వేప్పనపల్లి పక్క పల్లెలో పుట్టి, ఏళ్ళ తరబడి విమానాలు నడిపి, రిటైరై హోసూరులో ఇల్లు కట్టుకున్నాడు. నన్ను ఈ పనిలోకి లాగింది ఆయనే. వాన పడితే చాలు, చెప్పులు విడిచి వాకిట్లోకి పోయి నీళ్ళలో కాలివేలు ముంచి చూసేవాడు. "తడి వేరమ్మా, నిలిచిన నీళ్ళు వేరు. రెంటినీ ఒక్కటే అనుకుంటివా, ఆడనే చెడిపోతావు" అనేవాడు. ఎంత పక్కగాలిలో దిగవచ్చో దానికొక హద్దు ఉంటుందని, రన్‌వే మీద నీళ్ళు నిలిస్తే ఆ హద్దు బాగా తగ్గిపోతుందని నేను ఆ వాకిట్లోనే నేర్చుకున్నాను.

మా అవ్వ ఒకే ఒక్కసారి ఆయన నడిపిన విమానం ఎక్కింది, అదీ వానలో. దిగాక అందరి ముందూ, "ఏమప్పా, వడ్ల మూట దించినట్టు దబీమని దించినావే" అని కొడుకు పరువు తీసింది. తడినేల మీద మెత్తగా దిగితే చక్రం నీళ్ళ మీద తేలిపోతుందని, గట్టిగా ఆనితేనే బ్రేకు పడుతుందని ఆయన ఓపికగా చెప్పాడు. అవ్వ ఒప్పుకుంటేగా. బతికినన్నాళ్ళూ ఆయన్ని మూటలోడా అనే పిలిచింది.

ఆయన ఇంట్లో ఒక మాట నిషేధం. విమానం నడిపేవాళ్ళకు ఫోన్ చేసి 'బిన్నా రా', అంటే త్వరగా రా, అనకూడదు. పెళ్ళైనా సరే, చిన్నమ్మకు జ్వరమైనా సరే. తొందర చెవిలో పడితే చేతుల్లోకి దిగుతుందనేవాడు. "దిగేదానికి కుదరకుంటే మళ్ళా పైకి లేచేదానికి సిగ్గుపడొద్దమ్మా. సిగ్గుపడే పనులన్నీ దిగినంకనే ఉండాయి" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఆ పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు అప్పటికే ఇంటికి పంపేశారు. ఊపిరి కోసం ఆగి, మళ్ళీ ఆగి, "బిన్నా రామ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేకపోయాడు.

బెంగుళూరు మీదికి వచ్చేసరికి కుండపోత. ముందు దిగినవాళ్ళు బ్రేకులు సరిగా పట్టడం లేదన్నారు. రన్‌వే మీద నీళ్ళు నిలిచాయి, పక్కగాలి హద్దు దాటింది. కెప్టెన్ని నేనే. ఇంధనం ఒప్పుకున్నంతసేపూ పైన చుట్లు తిరిగాను. దేవుణ్ణి బతిమాలాను, తిట్టాను. గాలి తగ్గలేదు. విమానాన్ని చెన్నైకి తిప్పాను. అప్పుడు చిన్నాయన మీద వచ్చిన కోపం నాకింకా పోలేదు. ఆ పాఠాలైనా చెప్పకుండా ఉండాల్సింది, ఆ మాటైనా అనకుండా ఉండాల్సింది.

చెన్నైలో ఫోన్ తెరిచిన వెంటనే చిన్నమ్మ పిలుపు. "పోయినాడమ్మా" అని పెట్టేసింది.

కారులో కృష్ణగిరి దాటి, గురుబరపల్లి దాటి తెల్లవారేసరికి హోసూరు చేరాను. అక్కడ చుక్క వాన లేదు. వీధి నిండా దుమ్ము. కడదాకా ఆయన నా కోసమే అడిగాడని చిన్నమ్మ చెప్పింది. "వస్తా ఉండాది, వచ్చేస్తాది అని చెప్తానే ఉంటినమ్మా" అంది.

ఆయన మంచం పక్కన, తలకు దగ్గరగా, ఒక కుర్చీ వేసి ఉంది. ముందురోజు నాకోసం ఆయనే వేయించాడట. ఎవరు కూర్చోబోయినా చేత్తో వద్దన్నాడట. ఆయన పోయాక కూడా దాని జోలికి ఎవరూ పోలేదు, వచ్చినవాళ్ళంతా నేల మీదే ఉన్నారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన నేల మీదే కూర్చున్నాను.