మంగళ, శుక్రవారాల మోరిస్

సాయన్నకు కోపం వస్తే ఇంజినును తిట్టేవాడు, ఇంకా కోపం వస్తే కారు యజమానిని తిట్టేవాడు. నాంపల్లి స్టేషను వెనక రేకుల షెడ్డు ఆయనది. జనగామ వైపు నుంచి వచ్చి, ఎవరో నవాబుగారి గ్యారేజీలో కార్లు తుడుస్తూ తుడుస్తూ పని నేర్చుకున్నాడు. చదువు రాదు. బండి చప్పుడు వింటే చాలు, రోగం చెప్పేవాడు. అలాంటి మనిషిని రెండు నెలల పాటు ముప్పుతిప్పలు పెట్టింది మా విద్యక్క మోరిస్.

విద్యక్క అంటే విద్యావతి. ఆబిడ్స్‌లో మేం కిరాయికి ఉండే ఇంటి యజమాని సదాశివ భార్య. ఇద్దరం ఒకే బడిలో టీచర్లం. 1963లో తన సొంత సంపాదనతో ఆ పాత కారు కొని, పట్టుబట్టి నడపడం నేర్చుకుంది. రోజూ పక్క సీట్లో దర్జాగా కూర్చుని బడికి వెళ్ళేది నేను. కాబట్టి ఈ కథలో నాకేమీ స్వార్థం లేదని చెప్పను.

కారు కొన్ని పొద్దులు బాగానే ఉండేది. కొన్ని పొద్దులు సెల్ఫ్ కొట్టగానే ఒళ్ళంతా వణికి, నిలబెట్టిన చోటే ఇంజిను గుటకలు మింగి ఆగిపోయేది. చోక్ లాగినా అంతే. పదిసార్లు బతిమాలితే కదిలేది. నాంపల్లి చేరేసరికి వేడెక్కి, ఏమీ ఎరగనట్టు నడిచేది. సాయన్న కార్బురేటర్ విప్పి కడిగాడు, పాయింట్లు రుద్దాడు, ప్లగ్గుల మీది ఎర్ర దుమ్ము ఊదేశాడు. "బండి మంచిగనే ఉంది. మీకే తోలుడు రాదు," అని తేల్చేశాడు. విద్యక్క మొహం చిన్నబోయింది. నాకైతే ఒళ్ళు మండింది.

లక్డీకాపూల్లో గుమాస్తా అయిన సదాశివకు ఆ మాటే చాలింది. "ఆఫీసుల అందరు నవ్వుతున్నరు. ఈ శుక్రారం దాక చూస్త. బాగుకాకపోతే ఉస్మాన్‌గంజ్ సేటుకు అమ్మేస్త," అన్నాడు. ఆయన తల్లి వసుమతమ్మ పెదవి విప్పలేదు. ఆవిడకూ కారంటే పడదని మేం అనుకున్నాం. "మళ్ళ రిక్షనే మనకు," అని విద్యక్క నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు బడిలో హాజరు పట్టీలో సంతకం పెడుతుంటే నా కళ్ళు తెరుచుకున్నాయి. నా పేరు ఎదుట ఆలస్యపు ఎర్ర గీతలన్నీ మంగళ, శుక్రవారాల్లోనే ఉన్నాయి. విద్యక్కవీ అంతే. సాయంత్రం నేరుగా షెడ్డుకు పోయి ఆ సంగతి చెప్పాను. సాయన్న గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"బండికి వారాలు ఎట్ల తెలుస్తయమ్మా? మనుషులకు తెలుస్తయి. శుక్రారం నేనే వస్త. ఎవరికి చెప్పకు."

ఇళ్ళకు పోయి పని చెయ్యడమంటే ఆయనకు నామోషీ. అయినా ఆ శుక్రవారం ఆరింటికే వచ్చి, బానెట్ ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. అందరం తొంగి చూశాం. వరసగా ఉన్న నాలుగు ప్లగ్గుల తెల్లటి పింగాణీకి తడి పసుపు పూసి ఉంది. ఒక్కోదానికి నడుమ చక్కటి కుంకుమ బొట్టు.

"గిదా సంగతి," అన్నాడు సాయన్న. "తడి ఉన్నంత సేపు కరెంటు గీ పసుపుల నుంచి జారిపోతది. వేడికి ఎండితే బండి మంచిగ నడుస్తది. నేనేమో దుమ్మనుకున్న."

వాకిట్లో వసుమతమ్మ తల దించుకుంది. "దసరా పూజ నాడు కోడలే మూత ఎత్తి చూపెట్టింది. నలుగురు అమ్మవార్లు కూసున్నట్టు అనిపించింది నాకు. గన్ని బండ్ల నడుమ ఒక్కతే తోల్కపోతది. అది ఇల్లు చేరేదాక నాకు ముద్ద దిగది. అందుకే మంగళారం, శుక్రారం బొట్టు పెడుతున్న."

విద్యక్క అత్తగారి పక్కకు పోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"సరే, తుడ్చెయ్ సాయన్నా," అన్నాడు సదాశివ.

సాయన్న గుడ్డ తీశాడు. ప్లగ్గు దాకా పోయిన చెయ్యి ఆగిపోయింది. "పెద్దమ్మ పెట్టిన బొట్టు. అండ్ల శుక్రారం, ముత్తైదువ బండి. నేను తుడ్వ. మీరే తుడ్వున్రి," అని గుడ్డ సదాశివ ముందు పెట్టాడు. భార్య పక్కనుండగా ఏ మొగుడు అందుకుంటాడు ఆ గుడ్డను? విద్యక్క తల అడ్డంగా ఊపింది. అందరూ నా వైపు తిరిగేసరికి, చాయ్ తెస్తానని లోపలికి జారుకున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి సాయన్న బొట్టు చెదరకుండా నాలుగు ప్లగ్గులూ విప్పి, ఇత్తడి పళ్ళెంలో పేర్చి, రెండు చేతులతో వసుమతమ్మకు అందిస్తున్నాడు. సంచిలోంచి కొత్తవి తీసి బిగించాడు. విద్యక్క సెల్ఫ్ కొట్టింది. చల్లటి ఇంజిను ఒక్క దెబ్బకు అందుకుంది. బానెట్ మూసి దాని మీద చాయ్ కప్పు పెడితే చుక్క తొణకలేదు.

"విద్యమ్మా, నేనన్నది తప్పు. మీకు తోలుడు మంచిగ వచ్చు," అన్నాడు సాయన్న, కప్పు అందుకుంటూ.

సదాశివ గొంతు సవరించుకున్నాడు. "మరి సేటు వస్తడు గద. ఏం చెప్పాలె?"

"ప్లగ్గులు దేవునర్రలకు, పటాల పక్కకు వచ్చినయి, ఇగ బండిని ఎట్ల అమ్ముతం అని చెప్పు," అంటూ వసుమతమ్మ పళ్ళెంతో లోపలికి నడిచింది.