సిగ్నల్ లేని ఊరి లారీ

మా లారీ కంపెనీ ఆఫీసు గోడ మీది సీరియల్ బోర్డును నాకు చెప్పకుండా పీకేశారు. మిగతా లారీల వాళ్లకు ముందురోజే చెప్పారట. నేను జూలూరుపాడు ఆఫీసుకు వెళ్లేసరికి గోడకు మేకుల గుంటలు మాత్రమే మిగిలాయి. మా లారీల నంబర్లు రాసిన రేకు ముక్కలు ఆ బోర్డు మీద వరసగా వేలాడేవి. లోడుకు పోయివచ్చిన బండి రేకు చివరికి పోయేది, వెనకది ముందుకు జరిగేది. బండి రిపేరులో ఉంటే రేకును వెనక్కి తిప్పి పెట్టేవాళ్లం. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపించేది. ఆ మేకులు కొట్టింది నేనే. తీసేటప్పుడు ఒక్క మాట చెప్తే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ కంపెనీ ఓనరు ఒకప్పుడు నా లారీ మీద క్లీనరు. తర్వాత సొంతంగా లారీలు కొన్నాడు, నాలాంటి ఒంటి లారీ వాళ్లను కలుపుకున్నాడు. అతను లోడు చూపిస్తాడు, మేము తోలతాం, కిరాయిలో అతని కమీషన్ అతనికి పోతుంది. చాలా ఏళ్లు నన్ను అన్నా అని పిలిచాడు. వాళ్ల కొత్తింటి గృహప్రవేశం రోజు, భోజనాల దగ్గర, నలుగురిలో మొదటిసారి ‘ఏమయ్యా’ అన్నాడు. నేను పెరుగన్నం కలపకుండా లేచాను. అతను గమనించలేదు.

యాప్ తెచ్చింది అతని కొడుకు. హైదరాబాద్‌లో చదివి వచ్చాడు. చిన్నప్పుడు నా లారీ స్టీరింగ్ పట్టుకుని ఆడుకుంటూ పెద్దనాయనా అనేవాడు, ఇప్పుడు అంకుల్ అంటాడు. అందర్నీ ఆఫీసులో కూర్చోబెట్టి వివరం చెప్పాడు. రైతు జామాయిల్ కర్ర నరికించి కబురు పెట్టగానే, వంతు ఉన్నవాడి ఫోన్‌లో గంట మోగుతుంది. పది నిమిషాల్లో ‘వస్తున్నా’ అని నొక్కాలి. నొక్కకపోతే వంతు చివరికి పోతుంది.

“మా ఊర్ల సిగ్నల్ ఉండదు గదా. గంట ఎట్ల మోగుతది?” అన్నాను.

“సిగ్నల్ ఉన్నకాడ ఉండాలె అంకుల్.”

“నేనుండేది మా ఇంట్ల.”

అందరూ నవ్వారు. ముందు నవ్వినవాడికే, వైరా దగ్గర టైరు పగిలి రోడ్డున పడితే, నేను నా స్టెప్నీ విప్పి ఇచ్చి పంపాను.

మా ఊరు అడవి అవతల ఉంటుంది. అది నా భార్య పుట్టిన ఊరు. మా అత్త పక్షవాతం వచ్చి మంచం పట్టింది, భారీ మనిషి. ఆమెను పక్కకు తిప్పాలన్నా, లేపి కూర్చోబెట్టాలన్నా ఇద్దరు కావాలి. నా భార్య ఒక్కదాని వల్ల కాదు. లోడు లేని రోజుల్లో నేను ఇంట్లో ఉండటం ఎందుకో ఓనరుకు బాగా తెలుసు. మా అత్త చేతి అన్నం తిన్నవాడే. టవర్ కోసం నేను అర్జీలు పెట్టాను. అడవిలో టవర్ అంటే చాలా పర్మిషన్లు కావాలన్నారు.

మొదటి నెల ఇంట్లో ఉన్న ప్రతిసారీ నా వంతు పోయింది. అప్పుడు మా అడవి ఊళ్ల డ్రైవర్లు ఒక దారి కనిపెట్టారు. జూలూరుపాడు పోయే దారిలో గుట్ట మీద సిగ్నల్ వస్తుంది. అక్కడ ఒకామె టీ హోటల్ నడుపుతుంది. ఇంటికి పోయేవాళ్లు ఫోన్లు ఆమెకు ఇచ్చి పోవడం మొదలుపెట్టారు. ఆమె వాటిని కోడిగుడ్ల ట్రేలో వరసగా నిలబెట్టి, గంట మోగితే నొక్కి, మా ఊరి వైపు పోయే ఆటోలో కబురు పంపేది.

“నీ ఫోన్ మా ఆయన లెక్కనే ఉందన్నా. ఒక్కసారి పిల్చినప్పుడు పలకకుంటే అలుగుతది,” అనేది నాతో.

అలా కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత నా లారీ క్లచ్ పోయింది. కొత్తగూడెం షెడ్డులో పెట్టి, తిరిగొస్తూ ఆఫీసుకు వెళ్లి ఓనరుకు స్వయంగా చెప్పాను. ఊ అన్నాడు. అది నా చెవులతో విన్నాను. ఓనరుకే చెప్పాను గనక వంతు రాదనుకుని, ఫోన్ గుట్ట మీదే వదిలి ఇంటికి పోయాను. యాప్‌లో రిపేరు అని నొక్కే చోటు ఒకటుందని నాకెవరూ చెప్పలేదు. రెండోరోజు గంట మోగింది. టీ హోటల్ ఆమె ఎప్పటిలాగే నొక్కి కబురు పంపింది. అది నాకు అందేసరికి రాత్రయింది.

లోడు వేంసూరు దగ్గర ఒక రైతుది. కూలీలను పెట్టుకుని పొద్దుగూకేదాకా లారీ కోసం చూశాడట. మర్నాడు వాన పడి చేనంతా బురదయింది. బండి పోయే వీలు లేదు. ఆ రైతు మళ్లీ మా కంపెనీకి కర్ర ఇవ్వలేదు.

ఆఫీసుకు పిలిపించారు.

“రిపేరని నీకు చెప్పిన గద?” అని ఓనరును అడిగాను.

“నాకు చెప్తే ఏమైతదయ్యా? యాప్‌ల పెట్టాలె.”

కొడుకు ఫోన్ చూస్తూ అన్నాడు. “ఒప్పుకున్నది మీ ఫోన్. ఫోన్ గుట్ట మీదున్నది, బండి షెడ్డుల ఉన్నది. మీరు యాడున్నరు అంకుల్?”

“మీ అయ్య ఊ అన్నడా లేదా, ముందు అది అడుగు.”

అడగలేదు. నా నంబరు యాప్‌లోంచి తీసేశారు. ఫోన్ లారీతోనే ఉండాలని కొత్త రూలు పెట్టారు. దాంతో మిగతా అడవి ఊళ్ల వాళ్ల దారి కూడా మూసుకుపోయింది. అందుకు వాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. టీ హోటల్ ఆమె ఫోన్లన్నీ తిరిగి ఇచ్చేస్తూ, “నొక్కకుంటే తిడుదురు, నొక్కితే తిట్టిరి,” అంది. నేను ఆమెను తిట్టలేదు. తిట్టినవాళ్లెవరో నాకు తెలుసు.

సత్తుపల్లిలో, కొత్తగూడెంలో వేరే కంపెనీల చుట్టూ తిరిగాను. అక్కడా ఫోన్లే. ఆ ఎండాకాలమంతా లారీ మా ఇంటి ముందు నిలబడింది. కోళ్లు దాని కింద గుంటలు తవ్వుకున్నాయి. చివరికి ఓనరు కబురు పంపాడు. కొడుకుకు ఒక మాట చెప్పుకుని, సిగ్నల్ ఉన్నచోట ఉంటానంటే నంబరు మళ్లీ ఎక్కిస్తారట.

“చెప్పేసి రా. అమ్మను నేను ఎట్లనో తిప్పుకుంట,” అంది నా భార్య.

“నీతోని కాదు.”

“మరి ఇంట్ల కూసుంటే అయితదా?”

వెళ్లి సారీ చెప్పాను. అతను తల ఎత్తకుండా “ఓకే అంకుల్,” అన్నాడు. ఓనరు అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ఇప్పుడు జూలూరుపాడులో లారీ క్యాబిన్‌లోనే ఉంటున్నాను. లోడుకూ లోడుకూ మధ్య, వంతు పోయినా సరేననుకున్న రోజు ఇంటికి పోతాను. పోయినసారి వెళ్లేసరికి అత్త వీపు మీద పుండు లేచి ఉంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే నా భార్య దవాఖానాలో ఇచ్చిన పౌడర్ డబ్బా తీసింది. నేను భుజాలు, ఆమె నడుము పట్టుకుని పక్కకు తిప్పాం. అత్త మూలుగుతూ నా చొక్కా పట్టుకుంది. పౌడర్ చల్లేదాకా వదల్లేదు.

అన్నం తిన్నాక బయల్దేరుతుంటే నా భార్య, “పొద్దుగూకే ముందర ఇంకొక్కసారి తిప్పి పో,” అంది. అందాకా ఆగాను. రెండో పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, బయటికొచ్చి లారీ స్టార్ట్ చేశాను. ఆ రాత్రి మళ్లీ తిప్పడానికి రెండో మనిషి లేడు.