సైరన్ మోగినప్పుడు తరాస్ కోచ్

మా అమ్మాయి నిధికి ఇక్కడ టెక్సస్‌లోని ప్లేనోలో సాకర్ నేర్పే తరాస్ బొందార్‌కు అరవై నాలుగేళ్లు. ఒకప్పుడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఓ చిన్న క్లబ్బుకు పదకొండేళ్లు ఫార్వర్డ్‌గా ఆడి, డెబ్భై నాలుగు గోల్స్ కొట్టాడు.

"అంత స్పీడ్‌గా ఎలా పరిగెత్తేవారు?" అని మా ఆయన రాకేష్ ఒకసారి అడిగాడు.

"భయంతో," అన్నాడు తరాస్. "వెనకాల డిఫెండర్ కాలు నా మోకాలి కోసమే వస్తోందనిపించేది. జనం దాన్ని ధైర్యం అనుకునేవాళ్లు."

చివరికి ఓ మ్యాచ్‌లో ఆ కాలు మోకాలిని అందుకుంది. అక్కడితో ఆట ముగిసింది.

యుద్ధం వచ్చాక, బాంబు దాడుల సైరన్ల మధ్య, భార్య ఒక్సానాతో తొమ్మిది రోజులు మెట్రో స్టేషన్‌లో తలదాచుకున్నాడు. అరవై లోపు మగవాళ్లను దేశం విడవనివ్వలేదు గానీ, ఆయన అరవై దాటినవాడు కాబట్టి సరిహద్దు దాటనిచ్చారు. ప్లేనోలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాడు. ఇక్కడ సుడిగాలి వస్తే హెచ్చరించే సైరన్లను నెలకోసారి బుధవారం మధ్యాహ్నం టెస్ట్ చేస్తారు. టెస్టేనని తెలిసినా, ఆ పూట క్లాజెట్‌లో తలుపేసుకుని కూర్చుంటాడని ఒక్సానా నాతో చెప్పింది.

మే నెలలో ఓ శనివారం సాయంత్రం ప్రాక్టీస్‌లో ఉండగా, ఇక్కడ పెద్ద గాలివానకు ముందు ఒక్కోసారి అయినట్టు, ఆకాశం ఆకుపచ్చగా మారింది. సైరన్ మోగింది. ఈసారి టెస్ట్ కాదు, టోర్నడో వార్నింగ్. మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని దింపేసి అప్పటికే వెళ్లిపోయారు. పెద్దవాళ్లం నేనూ, తరాస్ ఇద్దరమే.

తరాస్ బోర్లా పడిపోయి, రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

"అమ్మా, కోచ్ ఎందుకు పడుకున్నారు? హీ ఈజ్ షేకింగ్!" నిధి ఏడుపు అందుకుంది.

పన్నెండు మంది పిల్లల్నీ గ్రౌండ్ పక్కనున్న ఇటుకల రెస్ట్‌రూమ్‌లోకి తరిమి, వెనక్కి పరిగెత్తి ఆయన భుజం పట్టి లాగాను. లేచాడు. లోపలికొచ్చాక, పాలిపోయిన ముఖంతో, తన భాషలో పిల్లల్ని లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర ఆగిపోయాడు.

"అంకిత ఏది?" అని అడిగాడు.

బూటు జారిపోయిందని, నేను కోచ్‌ని లేపుతుండగా వెనక్కి వెళ్లిందట. నేను తలుపు దగ్గరికి చేరేలోపే ఆయన బయట ఉన్నాడు. వడగళ్లలో, కుంటుకుంటూ, గోల్‌పోస్ట్ వైపు పరిగెత్తాడు. పిల్లను చంకనేసుకుని తిరిగొచ్చేసరికి నుదుటి మీద రక్తం కారుతోంది. లోపల గోడకానుకుని గట్టిగా ఏడ్చేశాడు.

టోర్నడో ఉత్తరంగా, పొలాల మీదుగా వెళ్లిపోయింది.

మర్నాడు పేరెంట్స్ అందరికీ మెయిల్ పెట్టాడు. "సైరన్ మోగగానే నేను కింద పడుకుని ఉండిపోయాను. నిధి వాళ్లమ్మ ఉమ గారు లేపకపోతే లేచేవాణ్ణి కాదు. వేరే కోచ్‌ని చూసుకోండి."

అంకిత వాళ్లమ్మ రష్మి ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. "మీరే నేర్పండి కోచ్. ప్రతి ప్రాక్టీస్‌కీ మాలో ఒకరం ఉండిపోతాం," అంది.

అలాగే ఉంటున్నాం. పోయిన వారం మబ్బు కాస్త కమ్ముకోగానే తరాస్ సగంలో ఆట ఆపేసి, పిల్లల్ని కార్లెక్కించి, తనూ గబగబా వెళ్లిపోయాడు. మాలో ఎవరూ నవ్వలేదు.