చేపల ఐసులో కోబాల్టు

పొద్దున్నే ఊళ్ళోని పవరుపేట స్టేషన్లో పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, సాయంత్రానికి ఏలూరు చేరడం నజ్మాకి రెండేళ్ళుగా అలవాటు. అలవాటంటే మనసు కుదిరిందనుకునేరు! ఆ మనసు హైదరాబాదు ల్యాబులోనే ఉండిపోయింది. తండ్రి పోయాడని పరిశోధన సగంలో ఆపి వచ్చింది. తల్లి సాజిదాని ఒంటరిగా వదల్లేక మళ్ళీ వెళ్ళలేదు.

వస్తూ వస్తూ చిన్న సీసా ఒకటి తెచ్చుకుంది. అందులో తను పెంచిన గులాబీరంగు స్ఫటికాలు. కొల్లేట్లో వేసే వల ఉంటుంది చూడండి, అలాంటి అల్లికే, కంటికి ఆననంత సన్నంగా. ముడి ముడికీ ఒక కోబాల్టు పరమాణువు, మధ్యన కర్బనపు దారం. ప్రతి పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతమే. మామూలు వేడిలో ఎవరి దారి వారిది. చలి బాగా ముదిరితే మాత్రం అన్నీ ఒకే వైపు తిరుగుతాయని, కంప్యూటర్ మీద గీత ఒక్కసారిగా పైకి లేస్తుందని నజ్మా లెక్క. ఆ గీత లేవడం కళ్ళారా చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది పిల్లకి.

2008 జూన్‌లో గైడు గంగాధరరావు ఫోను చేశారు. "అయస్కాంతాన్ని కొలిచే మెషీన్ మీద మనకి టైము దొరికిందమ్మా. సోమవారానికి వచ్చెయ్, ఫెలోషిప్పు మళ్ళీ ఇప్పిస్తాను. రాకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి, ఏమనుకోకు."

నజ్మా తల్లికి అంతా చెప్పింది. వెళ్తాననలేదు, వెళ్ళననలేదు. సాజిదా ఔననలేదు, కాదనలేదు. ఎంత మొండి ఘటాలండీ ఇద్దరూ!

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో చేపలు సర్దే థర్మాకోలు పెట్టె, నిండా ఐసు. ఐసు మధ్యలో మూత బిగించిన సీసా. పక్కనే గుండుసూది పట్టుకుని సాజిదా.

"ఏమే, చల్లబడితే అయస్కాంతం అవుతుందన్నావుగా? పొద్దుట్నించీ చూస్తున్నా, సూది అతుక్కోదేం?"

నజ్మాకి నవ్వాగలేదు. "అయ్యో అమ్మీ! ఈ చలి ఏ మూలకి? మైనస్ రెండువందల అరవై కావాలి. అప్పుడైనా సూదులతో తేలదు, మెషీనే కనిపెట్టాలి."

"భీమవరంలో పెద్ద పెద్ద ఐసు ఫ్యాక్టరీలున్నాయంట కదా? అక్కడా ఉండదా?"

"ఉండదమ్మీ."

సాజిదా సూది కింద పెట్టేసింది. "ఇక్కడే అయిపోతే నువ్వు వెళ్ళక్కర్లేదనుకున్నానే," అంది.

నజ్మా నవ్వు ఎటుపోయిందో! తల్లిని వాటేసుకుని బావురుమంది. "నేనెక్కడికీ వెళ్ళనులే," అంది. అంటూనే ఐసులోని సీసా వైపు చూసింది.

"చాల్లే, ఊరుకో." సాజిదా సీసా బయటికి తీసి, కొంగుతో పొడిగా తుడిచి, కూతురి చేతిలో పెట్టింది. "రేపు రైలెన్నింటికి?"