నది దగ్గర దారి చూపే మనిషి

నెరేయ్దాకి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. హొండూరస్‌లో మగపిల్లాడిగా పుట్టింది. ఆడదానిగా బతకబోతే చంపుతామన్నారని పారిపోయి, గ్వాటెమాలా సరిహద్దులో పారే సుచియాతే నదికి ఇవతల, మెక్సికో ఒడ్డునున్న మా ఊరు చేరింది. ముందు గదిలో జుట్టు కత్తిరిస్తుంది. తనలా పారిపోయి వచ్చినవాళ్ళకి వెనక గదిలో చాపలు పరుస్తుంది. ఆశ్రయం కాగితాలు వచ్చేదాకా ఎన్ని నెలలైనా ఉండొచ్చు. నేనూ అలా వచ్చినదాన్నే. ఆడపిల్లని ప్రేమించానని గ్వాటెమాలాలో మా అన్న కత్తి పట్టుకుని తరిమాడు. నా పేరు ఇల్సే. ఇక్కడ వంటిల్లు నాది.

మా ఇంటికి బోర్డు లేదు. పెడితే రాళ్ళు పడతాయి. అయినా జనం వచ్చేవాళ్ళు. ఆ నోటా ఈ నోటా విని వస్తున్నారనుకున్నాం, దామారిస్ వచ్చేదాకా.

మిట్టమధ్యాహ్నం. ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చిన దామారిస్ అనే ట్రాన్స్ పిల్ల మా గుమ్మంలో నిలబడి, వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తా అక్కా" అంది. వెనక ఎవరూ లేరు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది నెరేయ్దా.

"నన్ను తీసుకొచ్చిన అక్కతో. రేవులో తెప్ప దిగగానే ఎదురొచ్చింది. బాగా పొడుగు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. ఇంత ఎండలోనూ జుట్టులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, పాపం."

నెరేయ్దా చేతిలో కత్తెర ఆగిపోయింది. "కుడి చెంప మీద మచ్చ ఉందా?"

"ఉంది. మీకు తెలిసినావిడేనా?"

నెరేయ్దా వీధిలోకి నడిచింది. వెనకే వెళ్ళాను. దుమ్ములో దామారిస్ చెప్పుల గుర్తులు. వాటి పక్కనే వరసగా తడి చుక్కలు. మేం చూస్తుండగానే ఒక్కొక్కటీ ఆరిపోయాయి.

ఆ రోజు నాకు చెప్పింది. పదకొండేళ్ళ కిందట, వానాకాలంలో, నెరేయ్దా, తనలాగే పారిపోయి వచ్చిన సులేమా అనే పొడుగాటి ట్రాన్స్ పిల్లా ఒకే తెప్ప ఎక్కారు. తెప్ప తిరగబడింది. మూడో రోజు దిగువన సులేమా శవం తేలింది. ఎవరైనా గుర్తుపడతారా అని పోలీసులు అడిగారు.

"నేను గుంపులోనే ఉన్నానే ఇల్సే. నోరు విప్పితే నన్నూ వెనక్కి పంపేస్తారని భయం. పేరు తెలియని మగ శవం అని రాసుకుని పూడ్చేశారు."

వెనక గదిలోవాళ్ళని అడిగాం. చాలామంది ఆ పొడుగావిడతోనే వచ్చారట. "మీరే పంపారనుకున్నాం" అన్నారు.

మర్నాడు శ్మశానం ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా ముసలాయన తలెత్తకుండానే అడిగాడు: "నీకేమవుతాడు?"

"అవుతాడు కాదు, అవుతుంది. నా చెల్లెలు."

"రుజువేది?"

"ఒకే తెప్పలో మునిగాం. అది చాలదా అయ్యా?"

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రిజిస్టరు ఇటు తిప్పి, ఒక నంబరు మీద వేలు పెట్టాడు.

ఆ నంబరున్న సమాధి చెక్క శిలువ మీద నెరేయ్దా గోళ్ళరంగుతో 'సులేమా' అని రాసింది. నాతోపాటు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రోజు విప్పని నోటితో ఆ పేరు పలుకుతూనే ఉంది. నాలుగు నెలలుగా వాన లేదు. లేచి చూసుకుంటే మా ఇద్దరి మోకాళ్ళకీ తడిమట్టి.

ఆ తర్వాత పొడుగావిడ ఎవరికీ కనబడలేదు. వచ్చేవాళ్ళు దారి తప్పడం మొదలైంది. ఒకతన్ని రేవు దగ్గరే కొట్టి, ఉన్నదంతా లాక్కున్నారు. అతని తలకి కట్టు కడుతూ నెరేయ్దా అంది: "దాన్ని పడుకోబెట్టింది నేనే. ఇక దారి చూపించాల్సిందీ నేనే."

అప్పట్నుంచి పొద్దున్నే రేవుకి వెళ్తుంది. ఆ నీళ్ళంటే ఇప్పటికీ వణుకు. నా చెయ్యి పట్టుకుని నిలబడుతుంది.

మొన్న నికరాగ్వా నుంచి ఇద్దరు మగవాళ్ళు, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్ళు, తెప్ప దిగారు. "దారి చూపించే ఆవిడ మీరేనా? పొడుగ్గా ఉంటారన్నారే!"

"నడిచి నడిచి అరిగిపోయాన్రా నాయనా. పదండి, బీన్స్ చల్లారిపోతాయి."

"ఎవరన్నారు?" అన్నాన్నేను.

"తెప్పలో మా పక్కన కూర్చున్నావిడ. జుట్టంతా తడి, నవ్వుతూ చెప్పింది."

తెప్ప ఖాళీగా ఊగుతోంది. నెరేయ్దా అటు చూడలేదు. వాళ్ళ సంచి అందుకుని గట్టెక్కింది.